ఎడమ చేతికి మాత్రమే

ఇందుమతి ఆ మందును మొదటిసారి మా ఇంటికి తెచ్చినప్పుడు అది ఐస్‌క్రీం డబ్బాలో ఉంది. డబ్బా చూసి ఆమని పరుగెత్తుకొచ్చింది. మూత తీసి, లోపల మంచుముక్కల మధ్య తెల్లటి ట్యూబు కనిపించగానే మూతి ముడిచింది.

"అత్తా, నువ్వు ఉత్త మోసం."

"మోసమేంటే? ఇది పనిచేసిందంటే నువ్వే బీచికి వెళ్లి ఐస్‌క్రీం కొనుక్కుంటావు. అదీ మిట్టమధ్యాహ్నం."

వంటింట్లో ఉన్న నేను స్టవ్వు తగ్గించి బయటికి వచ్చాను. మా ఇంట్లో ఆమని ముందు మధ్యాహ్నం గురించి ఎవరం ఆశ పెట్టేలా మాట్లాడం. ఇందుమతికి అది తెలుసు. తెలిసీ అందంటే ఏదో జరిగిందన్నమాట.

మా అమ్మాయికి పుట్టుకతోనే ఎండ పడదు. పడదంటే కమిలిపోవడం ఒక్కటే కాదు. ఎండకి చర్మం లోపల తగిలిన దెబ్బని మన ఒళ్లు తనంతట తనే సరిచేసుకుంటుంది. ఆ సరిచేసుకునే ఏర్పాటు ఆమనికి లేదు. తగిలిన ప్రతి దెబ్బా అలాగే మిగిలిపోయి, పెద్దయ్యాక పుండ్లుగా, అంతకంటే చెడ్డవాటిగా మారుతుందని డాక్టర్లు చెప్పారు. అందుకే విశాఖపట్నంలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల కాపురముంటూ కూడా మేము పగలు కర్టెన్లు తియ్యం. కిటికీ అద్దాలకి పసుప్పచ్చ ఫిల్ము అంటించి ఉంటుంది. అయినా కిటికీ దగ్గరికి వెళ్తే దాని చేతులకి గ్లౌజులు ఉండాల్సిందే. బడి కంప్యూటర్లో. పొద్దుగుంకి, ఆకాశంలో ఎరుపు కూడా పోయాకే షికారు. దాని బొమ్మల పుస్తకంలో సముద్రం ఎప్పుడూ నల్లగా ఉండేది. ఆ రంగు తప్పని మేమెవరం చెప్పలేదు.

పగలంతా దానికి తోడు మా అత్తగారు మాణిక్యాంబగారు. వాళ్లిద్దరికీ ఒక ఆట ఉంది. ఆవిడ దాని వీపు మీద వేలితో అక్షరం రాస్తారు, అది చెప్పాలి. పలక పట్టకముందే అక్షరాలన్నీ అది వీపు మీద నేర్చుకుంది. తర్వాత్తర్వాత మాటలు రాసేవారు. గౌను మీంచి రాసినా చెప్పేసేది.

"దొంగ అని రాశావు! నేనా దొంగ?"

"మరెవరే గుంటా? సున్నుండలు ఎవరు తినీసారు?"

ఇందుమతి మా ఆయన మురళీధర్‌కి చెల్లెలు. కొండమీద చర్మ పరిశోధనశాలలో పనిచేస్తుంది. ఆమని జబ్బు పేరు తెలిసిన రోజునే ఆ పరిశోధన మొదలుపెట్టిందని మా ఆయన అంటారు. తను మాత్రం ఒప్పుకోదు.

ఆ సాయంత్రం నేను చిక్కుళ్లు వలుస్తుంటే పక్కన కూర్చుంది.

"మెలటోనిన్ తెలుసుగా వదినా?"

"నిద్రకి సంబంధించింది. డిగ్రీలో చదివిన జువాలజీ అంతవరకు గుర్తుంది."

"అది మెదడు తయారుచేసేది. చర్మం ఎవరినీ అడగదు. తనకి కావలసింది తనే చేసుకుని అక్కడికక్కడే వాడుకుంటుంది. ఎండ తగిలితే అది తను విరిగి చర్మాన్ని కాపాడుతుంది." నా పళ్లెంలోంచి ఒక చిక్కుడుకాయ తీసి రెండుగా తుంచింది. "విచిత్రం ఏంటంటే, విరిగిన ముక్క కూడా ఊరికే ఉండదు. అది ఇంకో దెబ్బ కాస్తుంది. అదీ విరిగితే దాని ముక్క మరోటి. చివరి నలుసు దాకా పనిచేస్తూనే ఉంటుంది."

"అది అందరి చర్మంలోనూ ఉండేదేగా? మరి దీనికి చాలదేం?"

"చర్మం దాన్ని నిలవ ఉంచుకోదు. ఎండ పని పడకముందే ఇంకో దారిలో కరిగించి పంపించేస్తుంది. నా మందు ఆ దారి మూసేస్తుంది. చేసుకున్నదంతా లోపలే ఉంటుంది. ఎండలోకి వెళ్తేనే ఖర్చు. దెబ్బే తగలకపోతే దీనికి సరిచేసుకునే అవసరమే ఉండదు కదా."

"పోయే దారి మూసేస్తే లోపల నిలవుండి పాడుచెయ్యదా?"

ఇందు నవ్వింది. "నువ్వు మా మందులకి అనుమతిచ్చే కమిటీలో ఉండాల్సింది వదినా. వాళ్లూ అదే అడిగారు. అందుకే కదా ముందు ఒక చేతితో మొదలుపెట్టమన్నది."

పెద్దవాళ్ల మీద కొద్దికాలం వాడి చూశారు. ఎక్కువకాలం వాడబోయే మొదటి మనిషి ఆమనే. దాని ఫలితం చూశాకే ఇదే జబ్బున్న మిగతా పిల్లలకి ఇస్తారు. రోజూ స్నానం చేయించి ఎడమ చేతికి మాత్రమే రాయాలి. కుడి చేతికి చుక్క కూడా తగలకూడదు. రెండు చేతులకీ తేడా చూస్తేనే మందు ఏం చేస్తోందో తెలుస్తుంది. ఇందు ఈ మాట నాకూ, మా ఆయనకీ, ఆమనికీ విడివిడిగా చెప్పి, చివరికి తల్లి దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, విన్నావా? ఎడమ చేతికి మాత్రమే."

"విన్నానే. నా చెవులకేటి, బాగానే ఉన్నాయి."

పొద్దున్న నేను ఎడమ చేతికి మందు రాసి వంటింట్లోకి వెళ్లేదాన్ని. చేతికి గాలి తగిలి ఆరేదాకా ఆమని నాయనమ్మ దగ్గర కూర్చునేది. ట్యూబులు అనుకున్నదానికంటే ముందే అయిపోయేవి. "వదినా, పప్పులో నెయ్యి వేసినట్టు ధారాళంగా వేస్తున్నావు" అని ఇందు వేళాకోళం చేసేది. నేను మర్నాటి నుంచి మరీ పొదుపుగా నొక్కేదాన్ని. అయినా అయిపోయేవి.

వారానికోసారి చీకటిపడ్డాక పరిశోధనశాలకి వెళ్లేవాళ్లం. అక్కడ రెండు పరీక్షలు. మొదటిది, ఎడమ చేతి మీద బొట్టుబిళ్లంత మేర ఎండలాంటి వెలుతురు వేసి, మర్నాడు ఎర్రబడిందా అని చూడడం. మందు రాయని చేతి మీద ఆ వెలుతురు వేసే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. మునుపు ఏమయ్యేదో పాత ఫొటోల్లో ఉంది. రెండోది, ఆమని కళ్లకి గంతలు కట్టి, సన్నటి నైలాను పోగుతో రెండు చేతుల మీదా తాకుతూ "తెలిసిందా?" అని అడగడం.

బొట్టుబిళ్ల చోటు ఎర్రబడలేదు. వెలుతురు పెంచారు. ఎర్రబడలేదు. ఇందు ఫోనులో "ఎర్రబడలేదు వదినా" అని రెండుసార్లు చెప్పింది.

నైలాను పోగు పరీక్షలో ఆమని మొదట్లో చెప్పినన్నిసార్లు చెప్పడం లేదు. కానీ తేడా రెండు చేతుల్లోనూ ఒక్కలాగే ఉంది. మందు వల్లయితే ఎడమ చేతిలోనే ఉండాలి కదా. పిల్ల విసుగెత్తి సరిగ్గా చెప్పడం లేదని రాసుకున్నారు. అలా విసుగెత్తే పిల్లని చూసిన ఎవరైనా అదే అనుకుంటారు. కమిటీ ఒళ్లంతా రాయడానికి ఒప్పుకుంది.

కొన్ని వారాలు ఒళ్లంతా రాశాక, మొదటిసారి పగలు బయటికి తీసుకెళ్లిన రోజున మా ఆయన సెలవు పెట్టారు. ఆమని గుమ్మంలో చాలాసేపు నిలబడింది. చెప్పు ముందుకి జరిపి, ఎండ పడిన గడపని చెప్పుతో తాకి, వెనక్కి తీసుకుని, మళ్లీ తాకింది.

"రావే, ఏమీ కాదు" అంది ఇందు. తన చూపు మాత్రం చేతిలోని వెలుతురు కొలిచే మీటరు మీదే ఉంది.

బయటికొచ్చాక అది ముందు చూసింది ఆకాశాన్నీ కాదు, సముద్రాన్నీ కాదు. వాళ్ల నాన్న తలని.

"నాన్నా! ఇన్ని తెల్లవెంట్రుకలా?"

"ట్యూబులైటు కింద కనిపించవమ్మా అవి."

"అమ్మా, నీ బుగ్గ మీద మచ్చలున్నాయి. నాయనమ్మ కళ్లు నల్లగా లేవు, తేనెరంగు! మీరందరూ ఇలా ఉంటారా?"

మేము నవ్వుకుంటూనే కళ్లు తుడుచుకున్నాం. బీచి రోడ్డు మీద ఐస్‌క్రీం బండి వెనకాల పరుగెత్తుతున్న ఆ పిల్లని చూసి మా అత్తగారు, ఎదురొచ్చిన ప్రతివాళ్లకీ "మా మనవరాలండీ" అని చెప్పారు, వాళ్లేదో అడిగినట్టు.

ఆ తర్వాత రోజులు ఎంత తొందరగా మామూలైపోయాయో చెప్పలేను. బట్టలు ఆరేయడానికి డాబా మీదకి వస్తే అది క్లిప్పులు అందించేది. కూరగాయల బండి దగ్గర బేరమాడేది. కర్టెన్లు ఉతికించి మడతపెట్టేశాను.

ఒకరోజు డాబా మీద దాని మోచేతి మీద గండుచీమ పాకుతూ కనిపించింది. పాకి, ఆగి, కుట్టింది. ఎర్రగా దద్దురు లేచింది. ఆమని క్లిప్పులు లెక్కపెట్టుకుంటూ ఉంది. నేను చీమని దులిపాక కూడా ఏమిటన్నట్టు చూసింది.

ఇంకోరోజు జడ వేస్తుంటే చిక్కు గట్టిగా తగిలింది. ఇదివరకు అక్కడితో ఇల్లెగిరిపోయేది. ఇప్పుడు మాట్లాడకుండా కూర్చుంది. బుద్ధొచ్చిందనుకోవచ్చు. కానీ పిల్లలకి బుద్ధి ఒక్క రోజులో, అదీ జడ దగ్గర రాదు.

నాయనమ్మతో వీపు మీద రాతల ఆట కూడా తగ్గిపోయింది. ఆడితే తప్పులే. "పగలంతా తిరుగుడే, ధ్యాసెక్కడుంటాదీ?" అని అత్తగారు చిన్నబుచ్చుకునేవారు.

ఒక మధ్యాహ్నం ఆమనిని దగ్గర కూర్చోబెట్టుకున్నాను. "కళ్లు మూసుకో. నేను రాస్తాను, చెప్పు."

వేలు దాని వీపు మీద పెట్టలేదు. గాల్లో ఆడించి ఆగాను.

"మ" అంది అది, కాస్త ఆలోచించినట్టు నటించి.

"ఇప్పుడు?"

"ల. కరెక్టేనా?"

నా వేలు ఇంకా గాల్లోనే ఉంది. దాన్ని నా వైపు తిప్పుకున్నాను.

"ఆమనీ, నేను ముట్టుకోనే లేదమ్మా."

అది నా మొహం చూసి అంతా అర్థం చేసుకుంది. ఏడవలేదు. లేచి వెళ్లి కిటికీకి అడ్డంగా నిలబడింది.

"చెబితే మళ్లీ కర్టెన్లు వేసేస్తారు" అంది.

"ఎప్పట్నుంచి?"

"తెలీదు. కొంచెం కొంచెంగా. దుప్పటి కప్పుకున్నట్టుంటుంది. నువ్వు పట్టుకుంటే దుప్పటి మీంచి పట్టుకున్నట్టుంటుంది." వేలితో కిటికీ అద్దం తడిమింది. "ఎండ వెచ్చగా ఉంటుందంటారు కదా. నాకేమీ అనిపించలేదు. మొదటిరోజు మీరందరూ వెచ్చగా ఉందా అని అడుగుతున్నారు. మీరు అంత సంతోషంగా ఉన్నారని ఉందనేశాను."

ఇందుకి ఫోను చేశాను. మా ఆయన కూడా ఆఫీసు నుంచి వచ్చేసరికి తను అప్పటికే వచ్చి, ఆమని చేతుల మీద నైలాను పోగులు ఒక్కొక్కటీ పెట్టి చూస్తోంది. సన్నటివి తెలియలేదు. లావువీ తెలియలేదు. అన్నిటికంటే లావుది, పందిరిమంచం దోమతెర కుట్టే దారమంతది పెడితే "ఏదో ఉంది" అంది ఆమని.

"ఇలా ఎందుకవుతుంది? రెండు చేతులూ సమానంగానే ఉన్నాయి కదా అప్పుడు. ఎడమ చేతికే కదా రాశాం" అని ఇందు తనలో తనే అనుకుంటోంది.

అప్పటిదాకా మంచం మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు చెయ్యాపారు.

"కుడి చేతిక్కూడా నేను రాసీదాన్ని" అన్నారు.

ఇందు చేతిలోని నైలాను పోగు కింద పెట్టింది.

"అమ్మా, ఏమన్నావు?"

"ఈ సుభాషిణి వంటింట్లోకెళ్లాక కాసింత తీసి రెండో చేతికీ రాసీదాన్ని అన్నాను."

"ఎన్నిసార్లు చెప్పానమ్మా నీకు! ఎడమ చేతికి మాత్రమే అని!"

"చెప్పావు. అలగ ఎవరైనా రాస్తారేటే? తలంటు పోసినా, నలుగు పెట్టినా, ఒక చేతికి రాసి రెండోది వదిలీడం ఎక్కడైనా ఉందా? నిన్ను పెంచినప్పుడు నీ ఒక కంటికే కాటుక పెట్టానా? బాగుపడితే పిల్ల రెండు చేతులూ బాగుపడాలి. ఒక చెయ్యి బాగుపడి ఒక చెయ్యి అలగే ఉండిపోతే? అది పాపం కాదూ?"

ఇందు నేలమీదే కూర్చుండిపోయింది. తల్లి మీద అరుస్తుందనుకున్నాను. తను రెండు చేతులతో మొహం కప్పుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో పక్కనున్న నాక్కూడా తెలియలేదు. అత్తగారు మంచం దిగి, కూతురి పక్కన కూర్చుని, వీపు నిమురుతూ ఉండిపోయారు. "నాకేటి తెలుసే తల్లీ" అన్నారు.

ఇందు తేరుకున్నాక చెప్పింది. చర్మానికీ రాత్రీపగలూ ఉంటాయట. లోపల మెలటోనిన్ నిలవుండిపోయేసరికి ఆమని చర్మం ఎప్పటికీ నడిరాత్రే అనుకుంది. నిద్రపోయింది. ఎండని ఆపే పని నిద్రలోనూ చేసింది కానీ, తాకినవాళ్లని పట్టించుకోవడం మానేసింది.

"మందు మానితే?" అడిగారు మా ఆయన.

"లేస్తుందన్నయ్యా. నమ్మకంగా చెప్పగలను. కానీ కమిటీకి ఇవాళే చెప్పాలి. మిగతా పిల్లలకి రేపోమాపో మొదలుపెట్టేస్తారు."

ఆమని ఇందు చున్నీ పట్టుకుంది. "చెప్పకు అత్తా."

"చెప్పకపోతే ఆ పిల్లలకీ ఇలాగే అవుతుందే."

ఆమని ఆలోచించింది. "వాళ్లకి చెప్పు. నాకు మాత్రం ఇచ్చెయ్యి."

ఆ సాయంత్రమే కర్టెన్లు బీరువాలోంచి తీసి కట్టాను. ఆమని నాకు రింగులు అందించింది, ఒక్కొక్కటీ. నేను స్టూలు మీద నిలబడి, దాని వైపు చూడకుండా తీసుకున్నాను.

కమిటీ ముందుకి మా అత్తగారు కూడా వెళ్లారు. వద్దని ఇందు బతిమాలినా వినలేదు. పట్టుచీర కట్టుకుని, వాళ్లు కూర్చోమన్నా కూర్చోకుండా, "తప్పు నాది, పిల్లది కాదు. దాని చదువుని అనకండి" అన్నారట. కూతురినే 'పిల్ల' అన్నారని అర్థం కావడానికి వాళ్లకి కొంచెంసేపు పట్టిందట. కమిటీ పెద్దాయన ఆవిడ చెప్పిందంతా విని, "మా అమ్మకిచ్చినా ఇదే జరిగేదండీ" అన్నారట. మిగతా పిల్లలకి మందు ఆపేశారు. ఇందు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

ఆమని చర్మం మెల్లగా మేలుకుంది. మొదట చక్కిలిగింత తెలిసింది. తర్వాత చిక్కు తీస్తే ఇల్లెగిరిపోవడం మొదలైంది. పక్కింటివాళ్లు ఏమైందని అడిగితే నేను సంతోషంగా "జడ" అని చెప్పాను. కానీ ఆ పిల్ల ఇదివరకటి పిల్ల కాదు. పగలు ఎలా ఉంటుందో చూసేసింది. కర్టెన్ల అంచున వెలుతురు గీతలా పడే చోట కుర్చీ వేసుకుని, గీతకి బెత్తెడు దూరంలో కూర్చునేది.

వర్షాలు వెళ్లాక ఇందు మళ్లీ వచ్చింది. ఈసారి డబ్బాలో నిజంగానే ఐస్‌క్రీం తెచ్చి, దాని ముందు పెట్టింది.

"మందు తగ్గించి చూశాను. తగ్గిస్తే ఎండ ఆపడం లేదు. మందు రాసినచోట స్పర్శ పోతుంది. దీన్ని నేనింకా దాటలేకపోయాను ఆమనీ. కానీ ఎక్కడ రాయకపోతే అక్కడ మామూలుగానే ఉంటుంది. ఎండలోకి వెళ్లే కాసేపు కోసం రాసి, రాగానే కడిగేస్తే నిలవుండదు కూడా. ఒంట్లో కొంచెం చోటు వదిలెయ్యడానికి కమిటీ ఒప్పుకుంది. ఆ చోటుకి మాత్రం ఎండ తగలకూడదు. ఎక్కడ వదలాలో నువ్వు చెప్పాలి."

"వీపు వదిలెయ్యమనవే, మందపాటి కోటు తొడుగుదాం" అన్నారు అత్తగారు.

ఆమని చెంచా నోట్లో పెట్టుకునే తల అడ్డంగా ఊపింది. "వీపుతో ఏం పట్టుకుంటాను నాయనమ్మా? అరచేతులు."

"గ్లౌజులు వెయ్యచ్చు" అన్నారు మా ఆయన.

"పుట్టినప్పట్నుంచీ వేసుకున్నాను కదా నాన్నా. అవి వేసుకుంటే వదిలినందుకు లాభమేంటి?"

ఇందు తన అరచెయ్యి చూసుకుని, మూసి, తెరిచి, నా వైపు చూసింది. "ఎవరైనా పట్టుకుంటే ఎండ తగలదు" అంది.

అలా కుదిరింది ఏర్పాటు. ఎండలో ఉన్నంతసేపూ ఆమని రెండు చేతుల్నీ ఎవరో ఒకరు పట్టుకునే ఉండాలి. పరుగులు లేవు. ఐస్‌క్రీం బండి దగ్గర తినిపించడానికి మూడో మనిషి కావాలి. ఇంకొన్నాళ్లకి దాని వయసు పిల్లలు అమ్మ చెయ్యి విదిలించుకుని తిరుగుతారు. అప్పుడు ఇది ఏమంటుందో నాకు తెలుసు. ఇందుకీ తెలుసు. అందుకే తను ఆదివారాలు కూడా కొండెక్కి పనిచేస్తోంది.

మళ్లీ బయటికి వెళ్లిన పొద్దున, దాని ఎడమ చెయ్యి నా చేతిలో, కుడి చెయ్యి నాయనమ్మ చేతిలో ఉన్నాయి. మా ఆయన గొడుగు మోస్తున్నారు. ఇందు మీటరు పట్టుకుని మా చుట్టూ తిరుగుతోంది. వీధి మలుపు దాటాం. వెచ్చగా ఉందా అని నేను అడగలేదు. ఈసారి అడగదలుచుకోలేదు. దాని అరచెయ్యి చెమటపట్టి నా చేతిలో జారుతోంది.

"అమ్మా, నీ వేళ్లు చిక్కుడుకాయల్లా గరుకుగా ఉన్నాయి" అంది.

"అంట్లు తోమితే అలాగే ఉంటాయి."

"బాగా గుచ్చుకుంటున్నాయి." అని అటు తిరిగింది. "నాయనమ్మా, నీ గాజు కూడా గుచ్చుకుంటోంది. నొప్పి. కొంచెం వదులు."

"వదిల్తే మీ అత్త నన్ను మళ్లీ కమిటీ ముందు నిలబెడతాది" అంటూ మా అత్తగారు గాజుల్ని మోచేతి వైపుకి తోసుకుని, ఆ చెయ్యిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు.